చెవి లోపలి వాపు – తల తిరుగుడు

జలుబు తగ్గి నాలుగు దినములైనను కాకమునుపే, ఒకనాటి ఉదయమున ఇల్లంతయు గిరగిర తిరుగుట, వాంతులగుట, నడువబోయిన ఒక ప్రక్కకు ఒరుగుట మనవారిలో అప్పుడప్పుడు కనుపించుచున్నది. పైత్యమని నిమ్మరసము త్రాగువారును, రక్తము తక్కువని టానిక్కు కొనువారును కలరు. పెక్కుమారులు కారణము చెవిలో నుండును.

లోపలి చెవిలో నత్తగుల్లవంటి భాగము వినుటకు. దాని ప్రక్కనే ద్రవముతో నిండిన మూడు వంపు నాళములు తల ఎటు కదలినదో మెదడునకు తెలుపుచుండును. వీటి పనిని పరిశోధించిన వియన్నా వైద్యుడు రాబర్ట్ బరానీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. పడుగు ఇరుప్రక్కల సమముగా బిగిసి యున్నట్లు రెండు చెవులును సమముగా వార్త పంపవలెను. ఒకటి వాచి మందగించినచో, తల తిరుగుచున్నదని మెదడు భ్రమపడును. నరము మాత్రమే వాచిన వినికిడి చెడదు. లోపలి చెవి కూడ వాచిన వినికిడి తగ్గి హోరు పుట్టును.

ఇది చాలవరకు వైరసు వలన వచ్చును గనుక పెన్సిలిన్ వంటి మందులు పనిచేయవు. చెవి నుండి చీము కారుచున్నచో సంగతి వేరు. వెంటనే వైద్యునికి చూపవలెను. కాచిన నూనె పోయుట మానుడు. కర్ణభేరి అడ్డముండగా అది లోపలి చెవికి చేరదు. కర్ణభేరికి రంధ్రమున్నచో కీడే.

తీవ్రత రెండు మూడు దినములుండును. తిప్పట మాత్రలు ఆ దినములకే. నెలల తరబడి మ్రింగువారిని చూచుచున్నాము. మెదడు క్రొత్త లెక్క నేర్చుకొనకుండ ఆ మాత్రలే అడ్డుపడును. కుదురుటకు కొన్ని వారములు, ఒక్కొక్కరికి నెలలు పట్టును. కదలికయే మందు. 1940లలో ఇంగ్లండులో కాథోర్న్, కుక్సీ అను వైద్యులు ఇందుకు వ్యాయామములు ఏర్పరచిరి. మొదట కూర్చుండి కన్నులు మాత్రము పైకి, క్రిందికి, ప్రక్కలకు త్రిప్పవలెను. పిమ్మట చూపు వ్రేలిపై నిలిపి తల త్రిప్పవలెను. తరువాత నిలుచుట, గోడ ప్రక్కన నడచుట. కొంచెము తిప్పట కలిగినను మానరాదు. కూలి పోవునని మొదటి వారముననే గుంటమగ్గములో దిగుట మంచిది కాదు. కండెలు చుట్టుటతో ఆరంభింపవచ్చును. మరుగుచున్న రంగు బానల దగ్గరకు, నిచ్చెనపైకి, సైకిలుపైకి పోరాదు.

ఒక చెవి అకస్మాత్తుగా వినబడనిచో ఆనాడే చెవి వైద్యుని చూడవలెను. ఆలస్యమైన వినికిడి తిరిగి రాకపోవచ్చును. తిప్పటతో పాటు మాట తడబడుట, మూతి వంకరపోవుట, చేయి పడిపోవుట, వస్తువులు రెండుగా కనుపించుట, బొత్తిగా నిలువలేకపోవుట ఉన్నచో అది మెదడు జబ్బు కావచ్చును. ఆ గడియలోనే ఆసుపత్రికి తరలింపవలెను.

ప్రక్కకు దొర్లినప్పుడు మాత్రమే, నిమిషములోపల తగ్గిపోవు తిప్పట మరియొక జబ్బు. తెలిసిన వైద్యుడు తలను ఒక క్రమములో వంచి దానిని చాలమందికి మాన్పగలడు. దానికి మాత్రలతో పనిలేదు.