‘ఫస్ట్ ఇష్యూ’ అంటే మొదటి సమస్యా?



ఈ నెల ఎనిమిదో తరగతిలో పారాఫ్రేజింగ్ మొదలుపెట్టాం. చదివిన పేరాను అర్థం మారకుండా సొంత మాటల్లో రాయడమన్న మాట. పిల్లలకు సరదాగా ఉంటుందని టీనేజర్ల మ్యూజిక్ మ్యాగజైన్ గురించి పేరా ఇచ్చాను. బ్రిటన్‌లో 1978లో మొదలై 2006లో ఆగిపోయిన ‘స్మాష్ హిట్స్’ అది. హిట్ పాటల సాహిత్యాన్ని అచ్చువేసేది. మన సినిమా హాళ్ల దగ్గర ఒకప్పుడు అమ్మిన పాటల పుస్తకాలు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. వాటికి రంగుల ఫొటోలు, ఇంటర్వ్యూలు కలిపితే దాదాపు అదే.

చాలామంది ఒక్కో మాటకు ఫోన్లో సినానిమ్ వెతికి పెట్టేశారు. ‘ఫస్ట్ ఇష్యూ’ కాస్తా ‘ఫస్ట్ ప్రాబ్లం’ అయింది. అక్కడ ఇష్యూ అంటే సంచిక. ‘హిట్ సాంగ్స్’ ఏమో ‘బీటెన్ సాంగ్స్’ అయ్యాయి, అంటే దెబ్బలు తిన్న పాటలు!

తెలుగులోనూ ఇంతే. పాటకు గీతం పర్యాయపదమే. అయినా వినాయక చవితికి లడ్డూ పాట పెడితే దాన్ని లడ్డూ గీతం అనం కదా. అక్కడ పాట అంటే వేలం. పక్కనున్న మాటను బట్టే అర్థం తేలుతుంది. పిల్లలకు ఈ ఉదాహరణ చెప్పగానే ఇష్యూ సంగతి అర్థమైంది.

“మాకు ఇంగ్లీషు రాదు టీచర్, ఎలా చూసేది?” అని అడిగే అమ్మలున్నారు. దీనికి ఇంగ్లీషు అక్కర్లేదు. పేరా చదివాక పుస్తకం మూయించి, “ఇందులో ఏముందో చెప్పు” అని తెలుగులోనే అడగండి. మిరప కోతల రోజుల్లో తీరిక ఉండదని తెలుసు, అన్నం తినేటప్పుడు రెండు నిమిషాలు చాలు. చెప్పలేకపోతే అర్థం కానట్టే, మళ్లీ చదివించండి. చెప్పగలిగితే అదే ఇంగ్లీషులో రాయమనండి. సినానిమ్స్ పని ఆ తర్వాతే. పరీక్ష హాల్లో ఎలాగూ ఫోన్ ఉండదు.

రాసేటప్పుడు మాటలే కాదు, వాక్యం కూడా మారాలి. ‘టీన్స్ బాట్ ఇట్ ఫర్ ది లిరిక్స్’ అన్నదాన్ని ‘ది సాంగ్ వర్డ్స్ వర్ ది రీజన్ యంగ్ పీపుల్ బాట్ ఇట్’ అనవచ్చు. పేర్లు, సంవత్సరాలు మాత్రం మార్చకూడదు.

ఇంట్లో ఈ వాక్యం చేయించండి: ‘ది స్టార్ రిలీజ్డ్ ఎ న్యూ సింగిల్ ఇన్ మే.’ ఈ స్టార్ ఆకాశంలోది కాదు. సింగిల్ అంటే పెళ్లికానివాడూ కాదు, విడిగా విడుదల చేసే ఒక్క పాట. జవాబు ఇంగ్లీష్ నోట్‌బుక్‌లో రాసి పంపండి.

— ఇంగ్లీష్ టీచర్, శావల్యాపురం