శివారు కట్టడాలు – ప్రజా రవాణా: ఒక విచారణ

నివాసం, కార్యాలయం, అంగడి, పాఠశాల ఒకే ఆవరణలో ఉండునట్లు కట్టుటను నగర నిర్మాణ శాస్త్రజ్ఞులు మిశ్రమ వినియోగం అనుచున్నారు. శివార్లలో ఇట్టి కట్టడాలు వెలసినచో ప్రజలు సొంత వాహనాలను విడిచి బస్సును, రైలును ఆశ్రయింతురని ఒక వాదం ప్రబలియున్నది. అందులోని సత్యమెంతో విద్యార్థుల ఎదుట విచారించుట మా ఉద్దేశం.

భావం మనకు కొత్తది కాదు. 1908 నాటి మూసీ వరదల అనంతరం 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నిర్మించిన పత్తర్‌గట్టీని చూడుడు. కింద రాతి వరండాల వెనుక దుకాణాలు, పైన నివాసాలు. "నీచే దుకాన్, ఊపర్ మకాన్" అని ఉర్దూలో అనుకొనుట కద్దు. అచటి వారు ఏ సిద్ధాంతమునో చదివి నడవలేదు. పనులన్నీ కాలినడక దూరంలో ఉన్నవి గనుక నడిచినారు. నిజాం ప్రభుత్వం 27 బస్సులతో రవాణా శాఖను నడపనారంభించినది 1932లో మాత్రమే. కనుక అంగడి, ఇల్లు కలిసియుండుట స్వతహాగా మనకిచ్చునది నడక. బస్సు ప్రయాణం కాదు. ఈ భేదమును మరచుటవలననే పై వాదంలో చిక్కు వచ్చుచున్నది. కూరగాయల కొట్టు మేడ కిందనే ఉన్నచో తప్పునది ఫర్లాంగు దూరపు ప్రయాణం. ఉద్యోగానికి, కళాశాలకు, ఆసుపత్రికి పోవలసిన దూరప్రయాణం తప్పదు. ప్రజా రవాణాకు పని కల్పించునది ఆ దూరప్రయాణమే.

ఈ విషయమున స్వీడన్ దేశపు అనుభవం కడు విలువైనది. స్టాక్‌హోమ్ నగరపాలక సంస్థ 1904 నుండియే చుట్టుపట్ల భూములు కొని ఉంచినది. ఆ భూములలో నగర మధ్యమునకు పడమట వెలింగ్‌బీ అను ఉపనగరమును స్వెన్ మార్కేలియుస్ ప్రణాళికాధిపతిగా ఉన్న కాలంలో రూపొందించిరి. పని, నివాసం, అంగడి మూడూ ఒకచోటనే ఉండవలెనని సంకల్పం. 1952లో రైలు వచ్చినది. 1954లో అంగడి కేంద్రం తెరువబడినది. ఎత్తైన మేడలను స్టేషను చెంతను, చిన్న ఇండ్లను ఎడంగాను నిలిపిరి.

ఫలితమేమి? అక్కడ నివసించువారు అక్కడనే పనిచేయుదురన్న ఆశ చాలవరకు విఫలమైనది. నివాసులలో అధికులు ఉద్యోగాలకు బయటికి పోయిరి. అక్కడి ఉద్యోగాలకు పరులు వచ్చిరి. ఐనను రైలు మాత్రం విఫలం కాలేదు. ఉదయం రెండు దిక్కులా జనంతో నడిచినది! ఇల్లు, పని ఒకచోట కలిసినందువలన గాక, రెండును రైలు చెంతనే ఉన్నందువలన ఈ ఫలితం కలిగినదని మా అభిప్రాయం. భూమి నగరానిదే అగుటవలన రైలును, ఇండ్లను ఏకకాలంలో నిర్ణయింపగలిగిరి. ఇది సామాన్యమైన సౌలభ్యం కాదు.

మన హైదరాబాదు పడమటి శివారులో క్రమం తలక్రిందులైనది. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైనది. హైటెక్ సిటీ దాకా మెట్రో వచ్చినది 2019లో. 1998లో చేరిన చిరుద్యోగి ఇరువది ఒక్క సంవత్సరాలు ఏమి చేసియుండును? స్కూటరు కొనును, పిదప కారు కొనును. 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్.కు హైటెక్ సిటీ పేరుతో స్టేషను గలదు గాని, పేరు దగ్గర, ఊరు దూరం. రాయదుర్గమున మెట్రో ఆగిపోయినది. దానికావల కోకాపేట, నానక్‌రామ్‌గూడలలో మేడలు ఆకాశమంటుచుండగా రైలు ఇంకను చేరలేదు. ఒకసారి అలవడిన వాహనమును మనిషి తేలికగా విడువడు.

మరొక విశేషం. మన భవన నిబంధనలు కట్టడంలో ఇంత భాగం వాహనాలకు విడువవలెనని శాసించుచున్నవి. కారు నిలుపుటకు నేలమాళిగలో చోటు సిద్ధం. లిఫ్టు దిగినచో కారే ఎదురగును. బస్సు కావలసినవాడు ప్రధాన ద్వారం దాటి, కాలిబాట లేని రోడ్డుపై దుమ్ములో నడిచి, నీడలేని చోట నిలువవలెను. ఏది సుఖమో చెప్ప పని లేదు. మెట్రో నిర్మాణ సంస్థ పంజాగుట్ట, హైటెక్ సిటీ వంటి స్టేషన్ల చెంత వాణిజ్య భవనాలు కట్టినది; వాటికి స్టేషను చేరువ, నిజమే. ఐతే అవి షాపింగు మాళ్ళు; సామాన్యుని ఇల్లు వాటిలో లేదు.

అట్టి శివారు ఆవరణలకు బస్సు ఎక్కి వచ్చువారు లేకపోలేదు. ఇంటిపని చేయు స్త్రీలు, కాపలాదారులు, తోటమాలులు వచ్చుచున్నారు. ఆ మేడలలో నివాసముండు స్తోమత వారికి లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు బస్సు ప్రయాణం ఉచితమైనది, ఖర్చు తగ్గినది. బస్సు ఎన్ని నిమిషములకు ఒకటి వచ్చును, రాత్రి చివరి బస్సు ఎప్పుడు అన్న ప్రశ్న ఉచితం చేతనే తీరునది కాదు. మా విద్యార్థినులలో సాయంకాలపు తరగతి వినుటయా మానుటయా అన్నది ఆ చివరి బస్సు మీదనే ఆధారపడియుండును. శివారులో విద్యాసంస్థలకు స్థలం చూచునప్పుడు పెద్దలు నీటి వసతి, రోడ్డు వెడల్పు అడుగుదురు. బస్సు వేళలు అడిగినవారిని మేము అరుదుగా చూచితిమి.

ఇక పాతబస్తీ మాట. నడకకు, జనసమ్మర్దానికి, మిశ్రమ వినియోగానికి అక్కడ లోటు లేదు. 2020 ఫిబ్రవరి 7న మహాత్మాగాంధీ బస్ స్టేషను వరకు వచ్చిన మెట్రో ఆ దిక్కున అక్కడనే నిలిచిపోయినది. ముందుకు పోవు మార్గానికి ఫలక్‌నుమాలో 2024 మార్చిలో శంకుస్థాపన జరిగినది. రోడ్డు వెడల్పు కొరకు దారుల్‌షిఫా, శాలిబండ మార్గంలో 2025లో ఇండ్లు, దుకాణాలు తొలగింప మొదలిడిరి. కింది అంగడిని, పై ఇంటిని ఒక్కసారిగా కోల్పోయిన కుటుంబం పరిహారం పుచ్చుకొని ఏ శివారుకు చేరునో, అచటినుండి తన పాత ఖాతాదారుల వద్దకు ఏ బస్సులో రావలసివచ్చునో ఎవరైనను లెక్కించవలసియున్నది.