గుడ్డు మీద తేదీ

కుందుర్పి మండలంలో ఒక పల్లె. చుట్టూ ఎర్ర నేలలు, రాళ్ల గుట్టలు. కర్ణాటక పొలిమేర దగ్గరే. వాన పడితే శెనక్కాయ పంట. వాన పడకపోతే వలస.

ఆ పల్లెలో ఒక ఇల్లు. ఇంట్లో అత్త, కోడలు. వాళ్లకు ఏడు నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. పంట పోయిన ఏడు కూడా కోళ్లు ఆ ఇంటిని ఆదుకున్నాయి. గుడ్లు అమ్మితే ఉప్పూ నూనె వస్తాయి. పుంజును అమ్మితే పిల్లలకు బట్టలు వస్తాయి.

పోయిన ఎండాకాలం మూడు పెట్టలు ఒకేసారి పొదుగుకు కూర్చున్నాయి. అత్త ఇంట్లో ఉన్న గుడ్లన్నీ పోగేసింది. మూడింటి కిందా పెట్టింది. మొత్తం 40 గుడ్లు. గంపలు రేకుల కొట్టంలో ఉన్నాయి. మిగతా పెట్టలు కూడా ఆ గంపల్లోకే దూరి రోజూ గుడ్లు పెట్టాయి. ఏది పాత గుడ్డో, ఏది కొత్త గుడ్డో ఎవరికీ తెలియలేదు.

చివరికి తొమ్మిది పిల్లలు లేచాయి. మిగతావి మురిగిపోయాయి. ఎండ వేడికి ఒక పెట్ట గంపలోనే చచ్చిపోయింది. పిల్లల్లో ఐదింటిని గద్దలు ఎత్తుకుపోయాయి. మిగిలింది నాలుగు.

"ఆ 40 గుడ్లు అమ్మింటే ఎంత వచ్చేది అత్తా!" అని కోడలు బాధపడింది.

"కూర్చున్న కోడిని లేపితే పాపమమ్మా" అంది అత్త.

"మరి కోడే సచ్చిపాయ కదత్తా!"

అత్త ఏమీ మాట్లాడలేదు.

నవంబరు వచ్చింది. శెనక్కాయ పీకడం అయిపోయింది. చేలల్లో రాలిన గింజలు, పురుగులు తిని కోళ్లు ఒళ్లు చేశాయి. మళ్లీ మూడు పెట్టలు కూర్చున్నాయి. ఈసారి కోడలు అత్తను వెంటబెట్టుకుని పశువుల ఆసుపత్రికి పోయింది. అక్కడి డాక్టరమ్మ అంతా విన్నది. ఆమె ఒకటే మాట చెప్పింది.

"కూర్చున్న ప్రతి కోడినీ పొదగెయ్యాల్సిన పని లేదు. ఏది కూర్చోవాలో, ఏది లేవాలో మీరే తేల్చుకోండి. తేల్చుకున్నాక తేదీ రాసి పెట్టుకోండి."

అత్తకు అప్పుడే రాత్రి బడిలో అంకెలు వచ్చాయి. "తేదీ నేను రాస్తా" అంది.

కోడి ఎందుకు కూర్చుంటుంది?

నాటు పెట్ట వరుసగా 10 నుంచి 15 గుడ్లు పెడుతుంది. తర్వాత గుడ్లు ఆపి గూట్లో కూర్చుంటుంది. ఇది జబ్బు కాదు. దాని ఒంట్లో ప్రొలాక్టిన్ అనే రసం పెరుగుతుంది. అందువల్ల గుడ్లు ఆగిపోతాయి. పొదగాలనే కోరిక పుడుతుంది. గూట్లో గుడ్లు కుప్పగా ఉంటే ఆ కోరిక ఇంకా పెరుగుతుంది.

ఫారాల్లో ఉండే తెల్ల లెగ్‌హార్న్ కోడి పొదగదు. పొదిగే గుణం లేని కోళ్లనే తరతరాలుగా ఏరి పెంచారు. వాటి గుడ్లను యంత్రాల్లో పొదిగిస్తారు. ఈజిప్టు దేశంలో రెండు వేల ఏళ్ల కిందటే మట్టి గదుల్లో వేడి పెట్టి గుడ్లు పొదిగించేవారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ కోళ్లను తయారు చేసింది. ఇవి నాటు కోళ్ల కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి. కానీ పొదగడం వీటికి పెద్దగా రాదు. పిల్లలు కావాలంటే యంత్రమో, నాటు పెట్టో ఉండాలి.

నాటు పెట్టకు కరెంటు అక్కర లేదు. వేడి అదే ఇస్తుంది. గుడ్లు అదే తిప్పుతుంది. పిల్లల్ని అదే కాపాడుతుంది. అయితే పొదిగినన్నాళ్లూ, పిల్లల్ని తిప్పినన్నాళ్లూ అది గుడ్లు పెట్టదు.

ఈ లెక్క చూడండి.

గుడ్లు పెట్టేది 15 రోజులు
పొదిగేది 21 రోజులు
పిల్లల్ని తిప్పేది 60 రోజులు
మొత్తం 96 రోజులు

అంటే మూడు నెలలకు పైగా. ఇందులో గుడ్లు వచ్చేది 15 రోజులే. అందుకే ఏ కోడి పిల్లల్ని చెయ్యాలి, ఏ కోడి గుడ్లు పెట్టాలి అని ముందే అనుకోవాలి.

ఏ పెట్టను కూర్చోబెట్టాలి?

ఈ సంగతి అత్తకే బాగా తెలుసు. "ఎర్ర పెట్ట మంచి తల్లి. గద్ద వస్తే రెక్కలు విప్పి మీదికి పోతాది. నల్ల పెట్ట కూడా గూడు ఇడ్సదు. బూడిద రంగుది మాత్రం నాలుగు దినాలు కూర్చొని లేచి పోతాది" అంది.

ఎర్ర పెట్టను, నల్ల పెట్టను పొదగెయ్యాలని తేల్చారు. బూడిద పెట్టను లేపాలని అనుకున్నారు.

కొత్త పెట్ట అయితే ముందు పరీక్ష చెయ్యాలి. రెండు మూడు గుడ్లు దాని కింద పెట్టి చూడాలి. రాత్రి కూడా గూడు వదలకపోతే, చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి పొడిస్తే, అది గట్టిగా కూర్చున్నట్టు. అప్పుడు అసలు గుడ్లు పెట్టాలి.

పొదగెయ్యడానికి చల్లటి కాలం మంచిది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు గుడ్లు చెడతాయి. కోడికీ ప్రాణాపాయం.

గుడ్లు, గంప

గుడ్డు పెట్టిన రోజే దాని మీద పెన్సిలుతో తేదీ రాయాలి. సిరా పెన్ను వద్దు. చల్లటి కాలంలో ఏడు రోజుల లోపు గుడ్లే పొదగెయ్యాలి. ఎండాకాలంలో నాలుగు రోజులు దాటితే వద్దు. గుడ్లను కడగకూడదు. పగిలినవి, మరీ చిన్నవి, వంకరవి తీసెయ్యాలి.

గుడ్లు దాచడానికి ఒక మట్టి చట్టిలో ఇసుక పోసి తడపాలి. మీద గోనెపట్ట పరవాలి. దాని మీద గుడ్లను మొన కిందికి పెట్టి నీడలో ఉంచాలి.

పుంజు లేని ఇంటి గుడ్లు పిల్లలు కావు. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు ఉండాలి.

వెడల్పు గంపలో అడుగున బూడిద, ఇసుక పొయ్యాలి. మీద గడ్డి, ఎండు వేపాకు పరవాలి. ఇవి పేలను తగ్గిస్తాయి. పేలు పట్టిన కోడి గూట్లో నిలవదు. పెద్దలు గంపలో ఇనుప ముక్క, బొగ్గు కూడా వేస్తారు. దానివల్ల నష్టం లేదు. కానీ గుడ్లను కాపాడేది నీడ, గాలి, నీళ్లు.

ఒక నాటు పెట్ట కింద 10 నుంచి 12 గుడ్లు చాలు. చిన్న పెట్టకు 8 చాలు. రెక్కల కిందికి రాని గుడ్డు చల్లబడుతుంది. రేపు ఇంకో గుడ్డు బయటికి వస్తుంది. అట్లా అన్నీ చెడతాయి.

నవంబరు 5 రాత్రి అత్త ఒక్కో పెట్ట కింద 11 గుడ్లు పెట్టింది. ప్రతి గుడ్డు మీద 5 అని రాసింది. గోడ మీద బొగ్గుతో కూడా రాసింది.

21 రోజుల పని

రోజూ: కోడి రోజుకు ఒకసారి, పదిహేను ఇరవై నిమిషాలు లేవాలి. గింజలు తినాలి. నీళ్లు తాగాలి. దుమ్ములో పొర్లాలి. లేవకపోతే మనమే మెల్లగా ఎత్తి బయట పెట్టాలి. రెక్కల కింద గుడ్డు ఇరుక్కుందేమో ముందు చూసుకోవాలి.

కోడి బయటికి పోయినప్పుడు గంప చూడాలి. మనం రాసిన అంకె లేని గుడ్డు ఉందా? అది వేరే పెట్ట పెట్టింది. వెంటనే తీసెయ్యాలి. దాన్ని వండుకోవచ్చు. ఉంచితే అది ఆలస్యంగా లేస్తుంది. తల్లి ముందు లేచిన పిల్లలతో వెళ్లిపోతుంది. ఆ గుడ్డు గూట్లోనే చెడిపోతుంది.

7వ రోజు: రాత్రి చీకట్లో సెల్‌ఫోను లైటు మీద గుడ్డు పెట్టి చూడాలి. లోపల ఎర్రటి సన్న నరాలు సాలెగూడులా కనిపిస్తే పిల్ల పెరుగుతున్నట్టు. అంతా తేటగా ఉంటే ఖాళీ గుడ్డు. ఖాళీవి తీసెయ్యాలి. రెండు గంపల్లో చాలా గుడ్లు పోతే, మిగిలినవన్నీ ఒక పెట్ట కిందే పెట్టి రెండో పెట్టను లేపవచ్చు.

18వ రోజు నుంచి: గుడ్లు కదపవద్దు. కోడిని ఎత్తవద్దు. మేత, నీళ్లు గంప పక్కనే పెట్టాలి.

21వ రోజు: పిల్ల పెంకు పగలగొట్టుకుని వస్తుంది. మనం పెంకు ఒలవకూడదు. ఒలిస్తే నెత్తురు కారి పిల్ల చనిపోవచ్చు.

అత్త, కోడలు నవంబరు 12న గుడ్లు చూశారు. 22 గుడ్లలో 6 ఖాళీ. మిగిలినవి 16.

కూర్చోవద్దు అనుకుంటే

కొందరు కూర్చున్న కోడిని నీళ్లలో ముంచుతారు. కొందరు ముక్కులో ఈక గుచ్చుతారు. ఇది హింస. కోడికి జబ్బు చేస్తుంది. అంతకంటే సులువైన పని ఉంది.

కోడి పొట్ట కింద వెచ్చగా, చీకటిగా ఉంటే పొదగాలనిపిస్తుంది. చల్లగా, వెలుతురుగా ఉంటే ఆ కోరిక పోతుంది. కాబట్టి నీడలో నులక మంచం వెయ్యాలి. దాని మీద కోడిని పెట్టి, సందులున్న గంప బోర్లించాలి. గడ్డి వెయ్యకూడదు. కింది నుంచి పొట్టకు గాలి తగలాలి. మేత, నీళ్లు బాగా పెట్టాలి. రాత్రి కుక్క, పిల్లి రాకుండా ఇంట్లోకి తేవాలి.

మూడు నాలుగు రోజులయ్యాక వదిలి చూడాలి. మళ్లీ గూట్లోకి పోతే ఇంకో రెండు రోజులు ఉంచాలి. కూర్చున్న మొదటి రోజే ఈ పని మొదలుపెడితే త్వరగా మానుతుంది. సుమారు రెండు మూడు వారాల్లో మళ్లీ గుడ్లకు వస్తుంది.

అన్నిటికంటే ముందు, రోజూ గుడ్లు తీసెయ్యాలి. గూట్లో కుప్ప పడనీయవద్దు.

మంచం మీద గంప చూసి అత్త మొదట ముఖం ముడుచుకుంది. నాలుగో రోజు బూడిద పెట్ట బయటికి వచ్చింది. రెక్కలు విదిలించి చెత్తకుప్ప గీరడం మొదలుపెట్టింది. "కడుపు నిండా తింటాండాది. పాపమేం లేదులే" అంది అత్త.

పిల్లలు లేచాక

నవంబరు 26 పొద్దున గంపల్లో 13 పిల్లలు ఉన్నాయి. ఎర్ర పెట్ట కింద 7, నల్ల పెట్ట కింద 6. ఆ రాత్రే అత్త ఆ 6 పిల్లల్ని కూడా ఎర్ర పెట్ట రెక్కల కింద పెట్టింది. చీకట్లో పెడితే తల్లి గుర్తుపట్టదు. అన్నిటినీ తనవే అనుకుంటుంది. నల్ల పెట్ట నాలుగు రోజులు మంచం మీద గంప కింద ఉంది. రెండు పెట్టలు చెయ్యాల్సిన పని ఒక పెట్ట చేసింది.

మొదటి రెండు వారాలు తల్లిని, పిల్లల్ని గంప కిందే ఉంచడం మంచిది. గద్ద, కాకి, ముంగిస బాధ ఉండదు. చిప్పలో నీళ్లు పోసి గులకరాళ్లు వెయ్యాలి. అప్పుడు పిల్ల నీళ్లలో మునగదు. నూకలు, కొర్రలు, రాగులు పెట్టాలి. చెదపురుగులు మంచి బలం. కుండలో తడి పేడ, చొప్ప వేసి చెదలున్న నేల మీద బోర్లిస్తే, మరునాటికి చెదలు ఎక్కుతాయి.

వానకు తడిసి బూజు పట్టిన శెనక్కాయలు, చెక్క మాత్రం పెట్టకూడదు. ఆ బూజులో విషం ఉంటుంది. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన శెనక్కాయ చెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. ఆ విషానికి తర్వాత అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. అది మనుషులకూ చెడ్డదే.

కొక్కెర రోగం వస్తే మందు లేదు. టీకా ఒక్కటే దారి. పిల్లలకు 5 నుంచి 7 రోజుల మధ్య కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క వేస్తారు. రెండు నెలల వయసులో సూదిమందు వేస్తారు. ఒక సీసా చాలా కోళ్లకు వస్తుంది. తెరిచాక నిలవ ఉండదు. అందుకే వీధిలో వాళ్లంతా ఒకే రోజు వేయించుకోవాలి. తేదీ రాసుకోవాలి.

డిసెంబరు మొదటి వారంలో ఒక పొద్దున బూడిద పెట్ట అరుస్తూ గూట్లోంచి వచ్చింది. గూట్లో ఒక గుడ్డు వెచ్చగా ఉంది. కోడలు చెయ్యి చాచింది.

"ఉండమ్మా. పెన్సిలు ఇట్ల తే" అంది అత్త.

చెప్పండి

1. పోయిన ఎండాకాలం 40 గుడ్లలో తొమ్మిదే ఎందుకు పిల్లలయ్యాయి?
2. అంకె లేని గుడ్డును గంపలోంచి ఎందుకు తియ్యాలి?
3. మీ ఊళ్లో కూర్చున్న కోడిని ఎట్లా లేపుతారు? ఆ పద్ధతి మంచిదేనా?

లెక్క చెయ్యండి

డిసెంబరు 3 రాత్రి గుడ్లు పొదగేశారు.
గుడ్లను లైటు మీద చూసే రోజు: డిసెంబరు ......
గుడ్లు కదపకూడని రోజు మొదలు: డిసెంబరు ......
పిల్లలు లేచే రోజు: డిసెంబరు ......

(జవాబులు: 10, 21, 24)

రాయండి

మీ ఇంట్లో ఎన్ని పెట్టలు ఉన్నాయి? ఏది మంచి తల్లి? ఏది బాగా గుడ్లు పెడుతుంది? ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి.