గుర్రం ధ్యాస మళ్లితే...



గుర్రపు స్వారీ కాస్త పట్టుబడ్డాక పిల్లలు క్రాస్‌కంట్రీ మొదలుపెడతారు. అంటే ఆరుబయట పరుగెడుతూ దుంగలు, కందకాలు దాటడం. ఫవాద్ మీర్జా 2018 జకార్తా ఏషియన్ క్రీడల్లో రజతం గెలిచిన ఈవెంటింగ్‌లో ఇదొక భాగం. ఈ దుంగలు తగిలితే పడిపోవు. అందుకే గుర్రం ధ్యాస ముఖ్యం.

గుర్రం కళ్లు తలకు ఇరుపక్కలా ఉంటాయి. దాదాపు చుట్టూ కనిపిస్తుంది కాబట్టి ఎగిరే కవరు కూడా దాని దృష్టి లాగేస్తుంది. ఇది మొండితనం కాదు, ప్రాణం కాపాడుకునే సహజ గుణం.

పిల్లలు నేర్చుకోవాల్సినవి:

1. చెవులు గమనించాలి. చెవి ఎటు తిరిగితే ధ్యాస అటే.
2. ధ్యాస మళ్లితే కొట్టకూడదు. వేగం మారుస్తూ, గుండ్రంగా తిప్పుతూ పని చెప్పాలి.
3. మాట వింటున్నాకే చిన్న దుంగ వైపు తిన్నగా నడపాలి.
4. రౌతు చూపు దుంగ అవతల ఉండాలి. పగ్గాలు బిగలాగితే గుర్రం తల కదిపి దుంగను సరిగా చూసుకోలేదు.

మీ వంతుగా కంచె దగ్గర కేకలు వేయకండి. హెల్మెట్, బాడీ ప్రొటెక్టర్ లేకుండా పంపకండి. "ఈ రోజు దూకకుండా పక్కకు తిప్పేశాను" అని బిడ్డ చెబితే నిలదీయకండి, మెచ్చుకోండి. ధ్యాస కుదరని గుర్రాన్ని ముందుగానే మళ్లించడం పిరికితనం కాదు, మంచి నిర్ణయం.