ఏథెన్సు రజతనాణెముపై గుడ్లగూబ: ప్రతీకార్థ విచారము

క్రీ.పూ. 5వ శతాబ్దమునాటి ఏథెన్సు టెట్రాడ్రాక్మ్ నాలుగు ద్రాక్మల విలువ గల వెండినాణెము. బరువు సుమారు 17.2 గ్రాములు. పురోభాగమున శిరస్త్రాణధారిణియైన ఎథీనా దేవి శిరస్సు, పృష్ఠభాగమున గుడ్లగూబ, ఆలివు రెమ్మ, నెలవంక, నగరనామములోని మొదటి మూడక్షరములు కలవు.

మన శకునశాస్త్రము ఉలూకధ్వనిని అశుభముగా చెప్పినది. ఆ సంస్కారముతో ఈ ముద్రను వ్యాఖ్యానించుట పొరపాటు. గ్రీకులకు అది ఎథీనాకు ప్రియమైన పక్షి. ఆలివు ఆమె నగరమునకు ప్రసాదించిన వృక్షము. కనుక ఇవి కేవలాలంకారములు కావు, నగరమును తెలుపు లాంఛనములు.

నెలవంక మారథాన్ విజయమునకు (క్రీ.పూ. 490) స్మారకమని కొందరి మతము. హెరడోటస్ కథనానుసారము స్పార్టా సేన పౌర్ణమి గడచువరకు ఆగి, యుద్ధానంతరమే వచ్చినది. యుద్ధము పౌర్ణమి ప్రాంతమున జరిగినచో చంద్రరేఖ ఆ తిథికి పొసగదు. అది రాత్రించరపక్షికి తోడైన రాత్రిసూచకమనుటయే సరళము.

ఈ నాణెములకు వెండి లారియాన్ గనులనుండి లభించినది. అరిస్టోఫనీస్ ‘పక్షులు’ నాటకమున (క్రీ.పూ. 414) నాణెములను ఆ గనుల గుడ్లగూబలుగానే పేర్కొనెను. ముద్రను తెలుపు శబ్దము ముద్రితమైన ద్రవ్యమును బోధించుట లక్షణావ్యాపారమే. ప్రతీక జనవ్యవహారమున నామముగా పరిణమించినదనుటకు ఇంతకు మించిన నిదర్శనము అక్కరలేదు.