అడుగు తప్పితే పరుగు ఆపేస్తున్నా!

సమస్య: ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాను. వంద మీటర్ల హర్డిల్స్ నా ఈవెంట్. మొదటి హర్డిల్ దగ్గర అడుగులు కుదరకపోతే ఆగిపోయి, వెనక్కొచ్చి మళ్లీ మొదలుపెడతాను. కోచ్ సార్ చాలన్నా వినను. పొద్దున ప్రాక్టీస్ పాడైతే ఆ రోజు కాలేజీలో పాఠం బుర్రకెక్కదు. ఫిజిక్స్‌లో ఒక్క లెక్క రాకపోతే ఆ చాప్టరే పక్కన పడేస్తాను. కొన్నాళ్లుగా మోకాలి కింద ముందు ఎముక నొప్పి. చెబితే సెలక్షన్స్‌కి పంపరని దాచాను. ఒకప్పుడు గ్రౌండ్ అంటే ప్రాణం. ఇప్పుడు అలారం మోగితే భయమేస్తోంది. నాకు పట్టుదల తగ్గిందా?
– ఓ సోదరి, హనుమకొండ

సలహా: పట్టుదల తగ్గినవాళ్లు సార్ చాలన్నాక ఇంకో పరుగు తీయరమ్మా. నీకు తగ్గింది ఇష్టం. ప్రతి పరుగూ పరీక్షయి కూర్చుంటే, రోజూ పరీక్షకు వెళ్లడానికి ఎవరికి మనసొప్పుతుంది?

ముందు ఆ నొప్పి సంగతి. ఈరోజే సార్‌కి చెప్పు. దాచి పరుగెత్తితే అది ఎముకలో సన్నని చీలిక దాకా పోవచ్చు. అప్పుడు సెలక్షన్స్‌తో పాటు నెలల ప్రాక్టీసూ పోతుంది. ఎముకల డాక్టరు సరేనన్నాకే మళ్లీ హర్డిల్స్.

అంతా పక్కాగా ఉండాలన్న తపనలో మనస్తత్వ నిపుణులు రెండు పాయలు చూస్తారు. పెద్ద లక్ష్యం పెట్టుకోవడం ఒకటి. తప్పు జరగ్గానే నేనెందుకూ పనికిరానని కుంగిపోవడం రెండోది. మొదటిది ఉండనీ. నిన్ను తినేస్తున్నది రెండోదే.

నీ ఈవెంట్‌లోనే చూడు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 13.09 సెకన్లలో పరుగు ముగించింది. వెనకగాలి సెకనుకు 2.1 మీటర్లుంది, నిబంధన 2.0 దాకానే. అందుకే దాన్ని జాతీయ రికార్డుగా గుర్తించలేదు. మరుసటి నెల సైప్రస్‌లో 13.23కి పరుగెత్తింది. ముందటికంటే నెమ్మదే, అయినా 2002 నుంచి చెక్కుచెదరని అనురాధా బిస్వాల్ జాతీయ రికార్డు 13.38 దాంతోనే చెరిగింది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా స్వర్ణం గెలిచిన పరుగు మళ్లీ అదే 13.09. కోజికోడ్ గాలి ఆమె చేతిలో లేదు. ఆ తర్వాతి నెల ప్రాక్టీస్ మాత్రం ఆమె చేతిలోనే ఉంది.

నొప్పి తగ్గి మళ్లీ గ్రౌండ్‌కి వెళ్లాక, ఆ రోజు ఎన్ని పరుగులో ముందే సార్‌తో రాయించుకో. అవి అయ్యాయంటే బాగొచ్చినా రాకపోయినా స్పైక్స్ విప్పెయ్. కిందపడే ప్రమాదముంటే తప్ప పరుగు మధ్యలో ఆపకు. తప్పిన అడుగును రెండో హర్డిల్‌లోపు సర్దుకోవడం కూడా నువ్వు నేర్వాల్సిన విద్యే, పోటీలో వెనక్కెళ్లి మొదలుపెట్టే వీలుండదు కదా! వారంలో ఒకరోజు స్టాప్‌వాచ్ ముట్టుకోవద్దు. ఫిజిక్స్‌లోనూ ఇదే పద్ధతి: పది లెక్కల్లో ఆరు వస్తే ఆరింటికీ టిక్ పెట్టు, మిగతా నాలుగూ వేరే నోట్‌బుక్‌లో ఎక్కించి మర్నాడు లెక్చరర్‌ని అడుగు.

కొన్ని వారాలు గడిచినా అలారం భయం పోకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఈ ఉత్తరం అమ్మకూ చూపించు. కాలి నొప్పి సంగతి ఆవిడకీ తెలియాలి.