ఏడు శనివారాల ప్రయోగం

కోనసీమలో గౌతమీ గోదావరి ఒడ్డున వాడపల్లి ఉంది. అక్కడి వెంకటేశ్వరస్వామి గుడికి వరుసగా ఏడు శనివారాలు వచ్చి ప్రదక్షిణలు చేసేవారు వేలల్లో ఉంటారు. వారికది మొక్కు, వారి కాళ్లకూ గుండెకూ మాత్రం వ్యాయామమే!

మరి రోజువారీ పనుల్లోని కదలిక కూడా వ్యాయామమేనా? జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ బస్సు ఉద్యోగులను పరిశీలించి, 1953లో ఫలితాలు ప్రకటించాడు. కూర్చుని బస్సు నడిపే డ్రైవర్లకంటే, రెండంతస్తుల బస్సులో మెట్లు ఎక్కిదిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది.

పరీక్షల రోజుల్లో కదలకుండా చదివి చదివి, తరువాత కొంచెం పరుగెత్తితే ఆయాసం వస్తుంది కదూ? కదలిక తగ్గితే గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తం తగ్గుతుంది. అందుకని ఎక్కువసార్లు కొట్టుకోవలసివస్తుంది. భయం లేదు, మళ్లీ కదిలితే పూర్వపు శక్తి క్రమంగా వస్తుంది.

మీ వయసువారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అదంతా ఒకేసారి కానక్కరలేదు. బడికి సైకిలు మీద రానుపోను 30 నిమిషాలు, అంగడికి చకచకా నడక 10, సాయంత్రం ఆట 20. లెక్క సరిపోయింది!

ఇక ప్రయోగం. ఈ శనివారం ఒక దూరం ఎంచుకుని, గడియారం చూసుకుంటూ చురుగ్గా నడవండి. ఆగిన వెంటనే మణికట్టు దగ్గర నాడిని 15 సెకన్లు లెక్కించి, 4తో గుణించండి. ప్రతి శనివారం అంతే దూరం, అంతే సమయంలో నడిచి, అంకె రాసుకోండి. మధ్య రోజుల్లో పనులన్నీ కదులుతూ చేయండి. ఏడో వారానికి అంకె తగ్గిందా? అయితే మీ గుండె అదే పనిని తక్కువ స్పందనలతో చేస్తోందన్నమాట!